నడిమి రంగు

మా కంప్యూటర్ సార్ పోయారు. హైదరాబాద్‌లో ఆఫీసుకు బయలుదేరుతుంటే మా ఊరు మోత్కూర్ నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "సార్ పోయిండు. గుండెపోటు. దవాఖానకు తీసుకపోయేలోపల్నే అయిపోయింది" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. చదివేవాళ్ళకు ఇది మర్యాదగా అనిపించకపోవచ్చు, కానీ పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయడం నావల్ల కాదు.

ఎందుకు మండిందో చెప్తాను. ముందు వారమే నేను ఫోన్ చేసి "ఎట్లున్నరు సార్" అని అడిగితే "మంచిగున్న బిడ్డా" అన్నారు. అప్పటికే ఛాతీలో నొప్పి మొదలై చాలా రోజులైందట. గ్యాస్ అనుకుని సోడా తాగి క్లాసుకు పోయేవారట. ఈ సంగతి అక్క చెప్పింది. సార్ భార్యను మేమంతా అక్క అనే పిలుస్తాం. "ఎంత మొత్తుకున్ననో బిడ్డా. పోరగాండ్ల పరీక్షలు అయినంక పోదాం అనుడే" అంది. పరీక్షలు అయ్యాయి, పిల్లలు పాసయ్యారు కూడా. బాగుంది సంబడం.

సార్‌ది నేతపని ఇల్లు, మాదీ నేతపని ఇల్లే. తెలంగాణ వచ్చిన కొత్తలో, బట్టల దుకాణం మీద ఒక కిరాయి గదిలో కంప్యూటర్లు పెట్టుకుని మాకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఆయనకు ఒకటే పట్టు. నూలుకు రంగు అద్దకముందే చీర అంచు ఎలా ఉంటుందో తెరమీద చూపించే ప్రోగ్రామ్ మా చేత రాయించాలి. ఒకసారి రంగెక్కిన నూలు వెనక్కి రాదు, చెడితే నేసేవాళ్ళే మునుగుతారు.

అందులో నాకిచ్చిన పని చిన్నది. ఎరుపుతో మొదలై మెల్లగా ఆకుపచ్చకు మారే అంచు గీయాలి. కంప్యూటర్‌కు ప్రతి రంగూ మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఈ కొస అంకెలకూ ఆ కొస అంకెలకూ ఉన్న తేడా చూసుకుని, ఎంత దూరం వెళ్తే అంత వంతు కలుపుకుంటూ పోవాలి. సగం దూరంలో సగం తేడా. అలాగే రాశాను. ఒక కొసన ఎరుపు వచ్చింది, ఇంకో కొసన ఆకుపచ్చ వచ్చింది. నడుమ మాత్రం బురద.

నాకది తప్పనిపించలేదు. మా ఇంట్లో ఎరుపు రంగు ఆకుపచ్చ తొట్టిలో ఒలికితే వచ్చేది ఆ బురదే కదా. "మా ఇంట్ల గిట్లనే అయితది సార్, కరెక్టే ఉంది" అని వాదించాను. సార్ నవ్వలేదు, కసరలేదు. జేబులోంచి దస్తీ తీసి తెర తుడిచారు. ఏం చెప్పాలన్నా ముందు తెర తుడవడం ఆయన అలవాటు.

"తొట్టిల అయితది బిడ్డా. గిది రంగునీళ్ళు గాదు, వెలుతురు. నీ లెక్కల తప్పులేదు, తప్పు చూసుట్లనే ఉన్నది. రెండు కొసలు అందరు చూస్తరు. నువ్వు నడిమిట్ల చూడు" అన్నారు. "అక్కడ ఒక పసుపు నిలబెట్టు. ఎరుపు నుంచి పసుపుకు ఒక లెక్క, పసుపు నుంచి ఆకుపచ్చకు ఇంకో లెక్క."

నిలబెట్టాను. మాగుతున్న మామిడికాయ మీది రంగులన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే. ఆఫీసులో ఎవరి తెర చూసినా నా కళ్ళు ముందు మధ్యకే పోతాయి. అలా నేర్పిన మనిషి నాకు మాత్రం తన రెండు కొసలే చూపించారు. ఫోన్ ఎత్తగానే "మంచిగున్న", పెట్టేసేటప్పుడు "పైలం బిడ్డా". మధ్యలో ఉన్న నొప్పిని దాచుకున్నారు. ఇదేం న్యాయం అని ఎవర్ని పట్టుకుని అడగను?

దినాలకు మోత్కూర్ వెళ్ళాను. సార్ ఇంటిముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎడమ చివర పుట్టిన తేదీ, కుడి చివర పోయిన తేదీ, మధ్యలో సార్ ఫోటో. వెనక రంగు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. నడుమ అదే బురద, సరిగ్గా సార్ ముఖం చుట్టూ. సాయంత్రం పాత విద్యార్థులంతా దాని ముందే నిలబడి ఆయన గురించి మాట్లాడాలి. అక్క దానివైపు చూసి, "మొఖం మబ్బుగ కొడుతాంది గద బిడ్డా" అంది. ఆ మాట నాకు తగిలింది.

ఆ ఫ్లెక్సీ కొట్టింది నాకు ఫోన్ చేసిన క్లాస్‌మేటే. బస్టాండ్ దగ్గర అతని దుకాణం. నేరుగా అక్కడికే పోయాను.

"ఏందిరా గది? సార్ మొఖం మీద మట్టి పోసినవా?"

"నేనేం చేసిన? రెండు రంగులు పెట్టిన, కంప్యూటరే కలిపింది."

"నడిమిట్ల చూసినవా?"

ఆ మాట అతనూ సార్ నోట విన్నదే. తల వంచుకుని కీబోర్డు మీద దుమ్ము దులిపాడు. మెల్లగా, "చూడబుద్ధి కాలేదే. నడిమిట్ల సార్ ఉన్నడు" అన్నాడు.

అతను కుర్చీలోంచి లేచాడు. నేను కూర్చుని చున్నీ కొసతో తెర తుడిచి, నడుమ పసుపు నిలబెట్టాను. సార్ ముఖం చుట్టూ వెలుతురు వచ్చింది. మెషీన్ మీద కొత్త ఫ్లెక్సీ ప్రింటవుతున్నంతసేపూ ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"సిరా ఆరలేదు, జర ఆగు" అన్నాడు.

"టైం అయితాంది. గట్లనే పట్టు."

అతనొక కొస, నేనొక కొస పట్టుకుని రోడ్డెక్కాం. మడిస్తే అంటుకుంటుంది, వదులు చేస్తే నేలకు రాసుకుంటుంది. సార్ మీద కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. ఎదురుగా వచ్చే బండ్లు హారన్ కొడుతున్నా మేం రోడ్డు చూడలేదు. ఇద్దరమూ నడిమిట్లనే చూసుకుంటూ నడిచాం.