సిస్టరమ్మ ఒక్కపొద్దు

ఈ ఉదయం మా వంటింట్లో జొన్నగంజి అడుగంటింది. ఆ మాడు వాసనకు ఫిలోమినా సిస్టర్ గుర్తొచ్చి, పొయ్యి ఆపడం కూడా మరిచి నిలబడిపోయాను. ఎమ్మిగనూరు కాన్వెంటు హాస్టల్లో నాకు చదువు చెప్పిన మనిషి. తుగ్గలి పక్క పల్లెలో పుట్టింది. మా అమ్మ ఆదోనిలో పత్తి మిల్లుకు పోయేది కాబట్టి, నాకు తల దువ్వినా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నా ఈమే.

నా పదేళ్లప్పుడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో, ఒక మధ్యాహ్నం "అన్నానికి రారా సిస్టర్?" అని అడిగాను. "ఒక్కపొద్దు పాపా" అంది. పొద్దుగూకినాక ఒక్కపూట తింటానని ఆమె అర్థం. ఒక్కపొద్దంటే మా వీధి ముస్లిములు రంజాన్ నెలలో ఉమ్మి కూడా మింగకుండా ఉండడమే నాకు తెలుసు; పొద్దుగూకినాక వాళ్ళూ తింటారని తెలియదు. చూడవచ్చిన అమ్మతో గొప్పగా చెప్పేశాను: "మా సిస్టర్ నలభై దినాలు ఏమీ తినదు. చర్చి పూజలో ఇచ్చే అప్పం ఒక్కటే!" నా నోరు పడిపోను!

మరుసటి ఆదివారం, అమ్మ నోట ఆ మాట విన్న మిల్లు ఆడవాళ్ళు జబ్బు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డారు. "అయ్యో, నేను తింటానమ్మా! సాయంత్రం గంజి తాగుతా!" అని సిస్టర్ మొత్తుకుంది. "సూడు, ఎంత అణకువో తల్లికి!" అన్నారు వాళ్ళు. కాన్వెంటు పెద్ద మదర్ కాదనలేదు. జనం రావడం ఆమెకు బాగానే ఉంది.

ఆ సాయంత్రం సిస్టర్ నన్ను వంటింట్లోకి పిలిచి, నా ఎదుటే గంజి తాగింది. "సూసినావు గదా? నా మాట వాళ్ళు ఇనరు. నువ్వు సెప్పు." సరేనన్నాను.

తరువాతి ఆదివారం ఆడవాళ్ళు నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. "సిస్టరమ్మ తినేది ఎప్పుడన్నా సూసినావా పాపా?" అని ఒకామె అడిగింది. అమ్మ ముఖం వెలిగిపోతోంది. మిల్లులో ఆమెను అంత గౌరవంగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. "లేదు" అన్నాను. తలెత్తితే గుమ్మంలో సిస్టర్.

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం గంజి కూడా మానేసింది. మంచం పట్టాక గిన్నె తీసుకుపోయి ఏడ్చాను. "తాగండి సిస్టర్, మీ కాళ్ళు పట్టుకుంటాను." ఆమె నా చెంప నిమిరి, "ఇప్పుడు తాగితే నువ్వు అబద్ధాలకోరు అయితావు గదా పాపా" అంది. అది ప్రేమో, మొండితనమో, జనం పెట్టిన దండాలు ఆమెకూ కాస్త తలకెక్కాయో, ఈ వయసులోనూ తేల్చుకోలేను.

ఈస్టరు చూడకుండానే పోయింది. జనం సమాధి మట్టి మూటగట్టుకున్నారు. ఇప్పటికీ నా కొడుక్కి జ్వరమొస్తే మా అమ్మ ఆ మట్టి వాడి నుదుట రాసి, "ఏమీ తినని తల్లీ, కాపాడు" అంటుంది. తినేదమ్మా, నేనే తిననియ్యలేదు. ఈ మాట చెప్పాలని ప్రతిసారీ నోరు తెరుస్తాను. "జ్వరం తగ్గిందా?" అని అడిగి ఊరుకుంటాను.