ఒక్క బంతి సారు

పోయిన సోమవారం మా ఆటల సారు గుండె ఆగి చనిపోయారు. నేను చదువుకుంటున్న గద్వాల హాస్టల్‌కు ఫోన్ చేసిన నా నేస్తం ఏడుస్తూ, "ఒక్క బంతి సారు ఇగ లేడే" అంది. బడిలో మేం ఆయన వెనకాల పిలుచుకున్న పేరు అది. ఎదురుగా ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ గర్వంగా అంటున్నాను.

ధరూర్ దగ్గర మా ఊరి సర్కారు బడిలో ఆట సామాన్లంటే గాలిపోయిన వాలీబాల్ ఒకటి, సారు మెడలో ఈల ఒకటి. నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది ఆయన పాత పేలికలను గుండ్రంగా చుట్టి, సుతిలి తాడుతో బిగించి బంతులు చేసి, గడపలకు పూసే ఎర్ర జాజు నీళ్లలో ముంచారు. రెండు జట్లు. సగం కట్టి ఆపేసిన గదుల గోడల చాటున దాక్కోవాలి. ఒంటి మీద ఎర్ర మరక పడితే ఆట నుంచి బయటికే. మనిషికి ఒక్కటే బంతి. విసిరాక, నక్కి నక్కి వెళ్లి మళ్లీ తెచ్చుకోవాలి.

"సార్, ఇంకొక్కటి ఇయ్యున్రి" అని అడిగాను ఒకసారి.

"ఎందుకే?"

"మొదటిది తప్పితే?"

"గందుకే ఇయ్య. రెండోది ఉందనే మొదటిది తప్పుతది బేటా."

ఆయన జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీకాయలు ఉండేవి. గురి తగిలితే ఒక కాయ ఇచ్చేవారు. అందులో రెండు గింజలున్నాయో లేదో చెవి దగ్గర ఆడించి చూసి మరీ ఇచ్చేవారు. ఎండిన ఆకుల మీద చప్పుడు కాకుండా నడిస్తే ఇంకోటి.

మా అమ్మ ఒకరోజు నా అంగీ పట్టుకుని బడికి వచ్చింది. "సారూ, మీ ఆటేమో గని నా రెక్కలు పోతున్నయి. జాజు మరక ఉతికితే పోతదా?"

"నన్నెందుకు అడుగుతవ్ అక్కా? నీ బిడ్డకు చెప్పు. ఎవ్వలి చేతికి దొరకకుంటే నీకు ఉతుకుడే ఉండదు" అన్నారాయన. అమ్మ తిట్టబోయి నవ్వేసింది.

నవ్వనిది మా హెడ్మాస్టరు ఒక్కరే. పదో తరగతి దగ్గర పడుతోంది, ఆటల గంట తీసేసి లెక్కలకు ఇస్తానన్నారు. సరిగ్గా అప్పుడే గద్వాలలో ఒక ప్రైవేటు బడి రంగు గోళీలు పేల్చే తుపాకులు తెప్పించి మమ్మల్ని పోటీకి పిలిచింది. సారు హెడ్మాస్టరుతో, "మా పిల్లలు ఓడితే ఆ గంట మీరే తీస్కోన్రి సార్" అన్నారు. ఆ మాట విని, పోటీకి వెళ్లాల్సిన మా ఐదుగురికీ రెండు రోజులు అన్నం సయించలేదు.

మొదటి ఆటలో, ముఖానికి తొడుగు, చేతిలో వాళ్లే ఇచ్చిన నిండు తుపాకీ. గోడ చాటున చాలాసేపు ఆగి ఒక్కటి పేల్చాను. అవతలి కెప్టెన్ ఛాతీ మీద నీలం రంగు చిట్లింది. వెంటనే లేచి పరుగెత్తాను, బంతి తెచ్చుకోవడానికి! పగిలిపోయిన గోళీ కోసం! నా వీపు మీద మూడు రంగులు పడ్డాయి. మైదానమంతా నవ్వు. హెడ్మాస్టరు తల పట్టుకున్నారు. ఆ ఆట ఓడిపోయాం.

సారు నా దగ్గరికి వచ్చి పల్లీకాయ ఒకటి చేతిలో పెట్టారు. "కొట్టినవ్ గద, తీస్కో. ఇగ తెచ్చుకునే పని లేదు, గదొక్కటే మర్చిపో. మిగిలినదంత మన ఆటనే."

మిగిలిన రెండు ఆటల్లో అవతలివాళ్లు వాన కురిపించినట్టు పేల్చారు. మేం గోడలకు కరుచుకుని ఉన్నాం. కాసేపటికి గోళీలు అయిపోయి వాళ్ల తుపాకులు ఉత్త చప్పుడు చేశాయి. అప్పుడు లేచాం, ఆకుల మీద నడిచినట్టు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటే సరిపోయింది.

తిరుగు బస్సులో హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ గంట జోలికి నేను రాను. జాజు మాత్రం నా ఆఫీసు గోడకు తగలొద్దు" అన్నారు. సారు ఆయనకూ ఒక పల్లీకాయ ఇచ్చారు, చెవి దగ్గర ఆడించి చూసి.

ఈ మధ్య మాటల మీద ప్రేమ కలిగి, ఏవేవో రాస్తున్నాను. కాగితం నిండా మాటలు కుమ్మరించబోయినప్పుడు ఆయన గొంతు వినిపిస్తుంది. సగం కొట్టేస్తాను. మిగిలింది గురికి తగులుతుంది.

సారు సొంతూరు గోపాల్‌పేటలో ఆయన్ను చివరిసారి చూసి, మర్నాడు మా ఊళ్లో బస్సు దిగాను. బడిలో ఆటల గంట నడుస్తోంది. ఈల ఊదుతున్నది హెడ్మాస్టరు. ఆ సగం గోడ వెనక ఒక చిన్నపిల్ల, ఎర్రబడ్డ చేతిలో ఒకే ఒక్క పేలికల బంతి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను చాలాసేపు చూశాను. ఆ పిల్ల ఇంకా విసరలేదు.