ఎంగిలి ముద్ద

ఆమెకు మొగుడు పెట్టిన పేరు కడుగుళ్ళ మహారాణి. నీళ్ళు కనబడితే చాలు, ఆమె చేతులు ఊరుకోవు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతుంది, తుడిచిన గడపనే మళ్ళీ తుడుస్తుంది. ఒకరి ఎంగిలి గ్లాసు ఇంకొకరు ముట్టుకున్నారా, ఆ పూటంతా ఇల్లు దద్దరిల్లిపోవలసిందే. "ఏదో ఒకరోజు నన్ను కూడా ఉడకబెట్టి ఆరేస్తుంది" అంటాడు మొగుడు.

అలాంటి మనిషి చేతిలో పడింది ఒక మేకపిల్ల. కవలల్లో రెండోది. తల్లిమేక దగ్గరికి రానివ్వకపోతే ఈమె కొంగులో చుట్టి వంటింట్లోకి తెచ్చుకుంది. పాలు కాచి చల్లార్చి సీసాతో పట్టింది. మంద ఛాయలకు పోనివ్వలేదు. ఆకు మేసే వయసొచ్చాక ఆకులు కూడా కడిగే పెట్టింది. ఇంత చేసినా తిన్నది పిల్ల ఒంటికి పట్టలేదు. పొట్ట ఉబ్బేది, తొడలు మాత్రం పుల్లల్లా ఉండేవి. దొడ్లో పెంటలో పొర్లుతూ పెరిగిన తోడబుట్టినదేమో గోడలెక్కి దూకుతోంది.

"తిండి దండగ. సంతకి తోలేస్తా" అన్నాడు మొగుడు ఒకరోజు పొద్దున్నే, తాడు భుజాన వేసుకుని.

"వానలు వెలిసేదాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అప్పటికీ కండ పట్టకపోతే మాత్రం ఇంక నేనాగను."

"దాని జాతే అంత" అంది అత్త గుమ్మంలోంచి.

"జాతేంటత్తా? రెండూ ఒక్క కడుపున పుట్టినవేగా!"

ఆ రోజంతా ఆమె కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ దొడ్లోకీ తిరిగింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. చివరికి పిల్లను చంకనేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఏం పెడుతున్నావని అడిగింది డాక్టరమ్మ. ఈమె గొప్పగా చెప్పుకుంది, 'దాని జాతే అంత' అన్న అత్త మాట కూడా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"కండ ఎంత పెరగొచ్చన్నది అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల్లో ఉంటుందమ్మా. మీ అత్త మాట అబద్ధమేం కాదు. కానీ మేసిన ఆకును ఒంటికి పట్టించేది పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. అవి తల్లి నాకితే, మందలో మూతీ మూతీ రాసుకుంటే వస్తాయి. నువ్వు కడిగి కడిగి వాటిని దీని దగ్గరికి రానివ్వలేదు."

"అయితే నేనే దీని కడుపు కొట్టానా?" ఆమె పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఇప్పటికైనా మించిపోయిందేం లేదు. జబ్బు లేని మేక నెమరేస్తుంటే ఆ ముద్ద కాస్త తీసి దీని నోట్లో పెట్టు. తర్వాత మందలో వదిలెయ్."

"ఎంగిలా!"

"ఎంగిలే. దీనికదే మందు."

దొడ్లో అత్త తల్లిమేక దవడలు పట్టుకుంది. ఈమె కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళు పెట్టి పచ్చటి జిగురు ముద్ద లాగింది. ఒళ్ళు జలదరించింది. అయినా పిల్ల నోట్లో పెట్టి, గుటక పడేదాకా మూతి వదల్లేదు. ఆపైన దాన్ని మందలోకి తోసింది. పెద్దవి కుమ్మాయి. ఆమె ప్రాణం విలవిల్లాడింది.

"తీసుకొచ్చెయ్యనా అత్తా?" అంటూ కంచె వెంట అటూ ఇటూ తిరిగింది.

"కాసేపు కుదురుగా ఉండవే తల్లీ" అని విసుక్కుంది అత్త.

వానలు వెలిశాయి. మొగుడు తాడు పట్టుకుని దొడ్లోకి వెళ్ళాడు. ఆమె గుండె చిక్కబట్టుకుని వెనకే వెళ్ళింది. అతను పిల్ల తొడను గుప్పిట పట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తోడబుట్టినదాని అంత కాకపోయినా కండ గట్టిపడింది. తాడును గోడ మేకుకు తగిలించాడు.

సంతోషం పట్టలేక ఆమె పాలసీసా తెచ్చి, "రా నాన్నా, రా" అని పిలిచింది. పిల్ల తలెత్తి చూసింది. దవడలు ఆడిస్తూనే మందలో కలిసిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

నీళ్ళతొట్టి దగ్గర కూర్చుని ఆ సీసా కడగడం మొదలుపెట్టింది.

"ఇంకెందుకే అది?" అంది అత్త.

"ఎందుకూ లేదత్తా. చేతులు ఊరుకోవడం లేదు."