నీలం ముఖం వ్యోమగామి

బడిలో సైన్స్ ప్రదర్శన ఉన్న రోజు ఉదయం ఏడుంబావుకు మా బాపు పెరట్లో పళ్లు తోముకుంటున్నాడు. ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఉంటుందని నాకు తెలియదు. నేను తొమ్మిదో తరగతి, చెల్లె ఏడు. అది నలుపు. అందుకని బడిలో ఏ కార్యక్రమం జరిగినా దాని చోటు వెనక వరుసలోనే. ఈసారి సైన్స్ ప్రదర్శనలో మాత్రం ముందు నిలబడి మాట్లాడతానని పట్టుబట్టింది, నల్లజాతి ఆడవాళ్లలో మొదట అంతరిక్షంలోకి వెళ్లినావిడ గురించి. బొమ్మ తెస్తేనే మాట్లాడనిస్తానన్నాడు సారు.

నిర్మల్‌లో బొమ్మకు కరువా అని నేనే పూనుకున్నాను. (ఆవిడ గురించిన వ్యాసం లైబ్రరీలో చెల్లెకు చూపించిందీ నేనే.) మా పక్కింట్లో చెక్కబొమ్మలకు రంగులు వేసే తాత ఉండేవాడు. ఆయనకు వ్యోమగామి అంగీ, గాజు టోపీ గీసి చూపించాను. రంగు మాత్రం నోటితో చెప్పాను. ఆమె నల్లగా ఉంటుంది, చాలా గొప్ప మనిషి, ఆకాశంలోకి వెళ్లొచ్చింది అన్నాను. తాత శ్రద్ధగా తలూపాడు.

బాపు నోట్లో నురగ ఉమ్మేలోగా చెల్లె ఆ బొమ్మతో వచ్చి నా ముందు నిలబడింది. తెల్లని అంగీకి బంగారు అంచు. నుదుట బొట్టు. ముఖం కృష్ణుడి నీలం. పరుగెత్తి అడిగితే తాత నొచ్చుకున్నాడు.

"నల్లటోళ్లల్ల గొప్పోళ్లకు నీలమే ఏస్తం బిడ్డా. మా తాతల కాలం సంది గంతే. నలుపు రాక్షసులకు."

మార్చే సమయం లేదు. బాపు బూట్ల పాలిష్ తీసి నేనే ముఖానికి పట్టించాను. ఆరని నీలం మీద అది నిలవలేదు. వ్యోమగామి ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టు తయారైంది.

ప్రదర్శన చూడవచ్చిన అధికారి బొమ్మను చేతిలోకి తీసుకుని, ముఖమేమిటి ఇలా ఉందని అడిగాడు. ఆయన వేళ్లకు పాలిష్ అంటింది. వెనక్కి జరగమని సారు చెల్లెకు సైగ చేశాడు. ఆదుకుందామని నేను ముందుకు దూకాను.

"పైన గాలుండదు గద సార్. ఊపిరాడక గట్లయింది."

హాలంతా నవ్వింది. మరి బతికిందా అని అడిగాడు అధికారి. నేను ఆలోచిస్తుండగా చెల్లె గొంతు వినిపించింది. అది వెనక్కి జరగలేదు.

"అన్న అబద్ధమాడుతుండు సార్. ఆమెకేం కాలే, మంచిగ తిరిగొచ్చింది. ఆమె డాక్టర్ గూడ. ఆమె రంగు నా రంగే. బొమ్మను పక్కకు పెట్టి నన్ను సూడుండ్రి."

అధికారి బొమ్మను పక్కన పెట్టాడు. చెల్లె పది నిమిషాలు మాట్లాడింది. సారు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, ఆపలేదు. బహుమతి మాత్రం పొగ కక్కే అగ్నిపర్వతానికి వచ్చింది.

పెద్దయ్యాక చెల్లె మంచిర్యాలలో నర్సుగా చేసింది. నల్లజాతి వాళ్లెవరైనా అంతరిక్షానికి వెళ్తున్నారని పేపర్లో పడితే చాలు, నాకు ఫోన్ చేసేది. "మనోళ్లు ఇంకొకలు పోతుండ్రన్నా" అనేది. నేను చూడకపోయినా, చూసిన చూసిన అనేవాణ్ణి. అబద్ధమని దానికి తెలుసు, తెలిసే వివరాలు అడిగేది. నలభై దాటినా ఒక్కసారీ తప్పించుకోలేకపోయాను.

చెల్లె చనిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు అలాంటి వార్తలు చెప్పడానికి నాకు ఎవరూ ఫోన్ చేయరు.