పొద్దుటి కూలి

మా మేనత్త పోయిందన్న కబురు గుంటూరుకి మిరపకాయల బస్తాలతో పాటు లారీ మీద వచ్చింది. మా అత్త వాళ్ళ ఊరి మనిషి ఒకాయన సరుకు దింపించి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలోనే చెప్పాడు. "నిన్న పొద్దున పోయిందమ్మా మీ అత్త. దహనం కూడా అయిపోయింది." మంచినీళ్ళిస్తే తాగి, "పెద్దగా బాధ పడలేదులే, అలిసిపోయి పడుకున్నట్టు పోయింది" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు పాపం. కానీ నాకు ఆ మాటే గుచ్చుకుంది. ఆవిడ అలసట నిన్నా మొన్నటిది కాదు.

మీలో ఎవరూ ఆవిడని ఎరిగి ఉండరు. పేరు చెప్పినా గుర్తుపట్టరు. ఊరు మాత్రం చాలాకాలం ఆ ఇంటిని "ఐపీ వాళ్ళిల్లు" అనేది. మా ఆయన ఆ ఊరి బడిలో పంతులుగా ఉన్నన్నాళ్ళూ నేను ఆ పక్క వీధిలోనే ఉండేదాన్ని కాబట్టి, ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

మా మావయ్య మిరపకాయల వ్యాపారం చేసి చితికిపోయాడు. రైతుల దగ్గర సరుకు అరువుకి కొని, ధర పెరుగుతుందని నిలవ పెట్టాడు. తుఫాను వానకి కొట్టు కారి కాయ రంగు పోయింది. రంగు పోయిన కాయని ఎవరు కొంటారు? చివరికి ఐపీ పెట్టాడు. అంటే, చెల్లించడానికి తన దగ్గర ఇక ఏమీ లేదని కోర్టుకి చెప్పుకున్నాడు. పొలమూ కొట్టూ వేలానికి పోయాయి. వచ్చిన డబ్బు ప్రామిసరీ నోట్లున్నవాళ్ళకి తలా కాస్త పంచారు. మిగతా బాకీలు చట్టం కొట్టేసింది గానీ ఊరు కొట్టేయలేదు. మా తాతగారు అత్తకి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చేను ఒక్కటి ఆమె పేరున మిగిలింది. దాన్ని చూపించి, "పెళ్ళాం పేర దాచుకుని ఊరందరికీ కుచ్చుటోపీ పెట్టాడు" అన్నారు. అది నిజం కాదు. నిజం కాదని ఎవరికని చెప్తాం?

అందరికన్నా అన్యాయమైపోయింది మాత్రం మిరపకాయలు కోసే ఆడవాళ్ళు. ఊరి చివరి పల్లె నుంచి ఎస్తేరు అనే ఆమె వెంట ముఠాగా వచ్చేవాళ్ళు. క్రిస్మస్‌కి బట్టలు కొనుక్కోవచ్చని కూలి డబ్బులు మావయ్య దగ్గరే దాచుకునేవాళ్ళు. చేతిలో కాగితం ముక్క లేదు గనక కోర్టు లెక్కలో వాళ్ళు లేనే లేరు.

ఆ తర్వాత మొదటి కోతకి అత్త కబురు పెడితే ఎస్తేరు ఒక్కతే వచ్చింది. వాకిట్లో నిలబడే చెప్పింది.

"పాతయ్యి అడగనమ్మా. అడిగితే మాత్రం మీరేడ నుంచి తెస్తారు? ఇక మీదట పొద్దున్నే కూలి చేతిలో పడితేనే చేలో దిగతాం. మా వాళ్ళ మాట ఇది."

ఊళ్ళో అందరూ కూలి మాపటికి ఇస్తారు. పెద్ద రైతులైతే కాయ అమ్మాక ఇస్తారు. పొద్దున్నే ఇమ్మని అడిగింది మా అత్త ఒక్కదాన్నే. నాకు తల కొట్టేసినట్టయింది. అత్త మాత్రం "సరేనే ఎస్తేరూ, న్యాయమే" అంది.

"ఈ ఊళ్ళో మనకి అప్పు పుట్టదు గానీ, సరుకులు మార్టూరులో తెచ్చుకో అత్తా, కూలీలని పొరుగూరు నుంచి పిలిపించుకో" అన్నాను.

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలే అమ్మాయ్. పొరుగూళ్ళో నేను పోగొట్టుకున్నదేముంది?" అంది.

ఆ వెతుకులాట చూస్తే విసుగొచ్చేది. మా వీధి చివర సాయిబు గారి కిరాణా కొట్టు ఉండేది. మావయ్య ఐపీలో ఆయనకీ చెయ్యి కాలింది. అత్త పాలమ్మిన డబ్బులు కొంగున ముడేసుకుని వెళ్ళి, "ఉప్పు అరువిస్తారా సాయిబు గారూ?" అని అడిగేది. "లేదమ్మా, డబ్బులిచ్చి తీసుకెళ్ళండి" అనేవాడాయన. కొంగు ముడి విప్పి ఇచ్చేది. మళ్ళీ వెళ్ళినప్పుడూ ముందు అరువే అడిగేది.

"డబ్బులు దగ్గరుంచుకుని అరువడగడం దేనికి? సిగ్గు కాదూ?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"లేనప్పుడు అడిగితే ఎవడిస్తాడే? ఉన్నప్పుడే అడగాలి. నేను తీర్చేదాన్నని వాళ్ళకి తెలియాలంటే, ముందు వాళ్ళు ఇవ్వాలి కదా."

చాలాకాలానికి ఒకనాడు కొట్టు నుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. "అరువిచ్చాడే!" అంది. ఏమిచ్చాడంటే, అగ్గిపెట్టె. నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు కొట్టు తెరవకముందే అరుగు మీద కూర్చుని ఉంది, అగ్గిపెట్టె డబ్బులివ్వడానికి. తర్వాత ఉప్పు, ఆ తర్వాత కిరసనాయిలు. ఆయన "కొత్త ఖాతా తెరవమంటారా?" అని అడిగితే, "పాత దాంట్లోనే రాయండి. పైన మా ఆయన బాకీ కనపడుతూ ఉండనీండి" అందట. ఆ బాకీ ఆవిడ మొత్తం తీర్చలేకపోయింది. కాస్త కాస్తగా కట్టింది, ఇంకా మిగిలింది. ఎస్తేరు వాళ్ళ డబ్బూ అంతే. తీర్చేసిందని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం రాయలేను.

కోతల రోజుల్లో మాత్రం చూడలేకపోయేదాన్ని. తెల్లారేసరికి చేలగట్టు మీద నిలబడి తలా ఇంత చేతిలో పెట్టేది. డబ్బులు అయిపోయాక, మిగిలినవాళ్ళని "మీకివాళ లేదమ్మా, వెళ్ళండి" అని పంపేసేది. పండిన కాయ చెట్టునే ఎండి రాలిపోయేది. తనే ఒక సాలు పట్టి పొద్దుగూకేదాకా కోసి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నిద్రపోయేది. "మాపటికి చూద్దాం అంటే ఏం పోయింది?" అని నేనంటే, "ఆ చూద్దాం అన్న మాటే మీ మావయ్యని ముంచింది" అనేది. మావయ్య గోడ వైపు తిరిగి పడుకుని వినేవాడు. ఆయన్ని ఆవిడ పల్లెత్తు మాట అనలేదని ఆయన దినాల్లో ఎవరో పొగిడారు. రోజూ అనేది. అని, అన్నం పెట్టేది.

మావయ్య దాటిపోయాక ఒక కోత వచ్చింది. ఆ యేడు కాయ విరగకాసింది. అంతా ఒక్కసారే పండింది. కోతకి మనుషులు వచ్చిన పొద్దున తూర్పున మబ్బు పట్టి ఉంది. వాన పడితే కాయ మచ్చలేసిపోతుంది, యేడాది కష్టం మట్టిపాలవుతుంది. సాయానికి నేనూ వెళ్ళాను. అత్త దగ్గర ఉన్న డబ్బులు ముఠాలో సగం మందికి కూడా చాలవు. ఎప్పటిలాగే మొదట నిలబడ్డవాళ్ళకి ఇవ్వబోయి, మిగిలినవాళ్ళ వైపు తిరిగి, "మీకు లేదమ్మా" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖం నేను చూడలేకపోయాను.

ఎవరూ కదల్లేదు. ఎస్తేరు మబ్బు వైపు చూసి, నడుముకి గోనెపట్టా బిగించుకుంది.

"అందరం దిగతామమ్మా. ఆ డబ్బులు ఉంచండి. కూలి మాపటికి ఇద్దురుగాని."

"మాపటికి కూడా ఉండవే ఎస్తేరూ."

"అయితే కాయ అమ్మాక ఇద్దురు."

"అమ్ముడు పోకపోతే?"

"ఇన్నేళ్ళూ లేనప్పుడు లేదన్నారుగా. మాకది చాల్లే."

అందరూ తలో సాలూ పట్టి చేలోకి దిగిపోయారు. అత్త చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఎస్తేరు వెనక్కి తిరిగి, "ఏందమ్మా అట్టా నిలబడ్డారు? మీ సాలు మీరు పట్టండి, వానొస్తంది" అని కేకేసింది.

అత్త డబ్బులు కొంగున ముడేసుకుని దిగింది. పక్క సాలులో నేనున్నాను. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు చెంపల మీదుగా కారి, గడ్డం మీద నుంచి చెట్ల మీద పడుతున్నాయి. మిరపకాయలు కోసే చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. ఆ పొద్దంతా తుడుచుకోకుండానే కోసింది.