కనకలతగారి నడుము నొప్పి

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కనకలతగారిని ఎరగని తెలుగువాళ్లు లేరు. పేరు మాత్రం చాలామందికి తెలియదు. ప్రెసిడెంటుగారి భార్య అంటారు, అంతే. భర్త భాస్కరమూర్తిగారు పెద్ద కంపెనీలో ఇంజనీరు, తెలుగు సంఘానికి ఎన్నో ఏళ్లుగా అధ్యక్షులు. ఏ పండగ జరిగినా జ్యోతి వెలిగించేది ఈవిడే. ఏ చీర కట్టుకోవాలో, ఎక్కడ నిలబడాలో, ఫోటోలో ఎంత నవ్వాలో కూడా ఆయనే చెబుతారు. మనిషి చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, గొంతు పెంచడు. గొంతు పెంచే మొగుడితోనైతే పోట్లాడొచ్చు, ఈయనతో ఆ వీలు కూడా లేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు, తన్వి. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, నాటకాలవాళ్లకు రంగులూ వేషాలూ వేసే చదువుకని పక్క ఊరు న్యూరెంబర్గ్ వెళ్లిపోయింది. మళ్లీ ఇంజనీరింగులో చేరేదాకా ఈ గుమ్మం తొక్కొద్దని భాస్కరమూర్తిగారు నెమ్మదిగానే అన్నారు. ఆ పిల్ల కూడా తండ్రి కూతురే, తొక్కలేదు. అప్పటినుంచి కనకలతగారు కరివేపాకు పేరు చెప్పి న్యూరెంబర్గ్ వెళ్లడం, స్టేషన్‌లో బేకరీ దగ్గర కూతురితో కాసేపు కూర్చుని రావడం. ఇంట్లో కరివేపాకు వాడిపోతున్నా మళ్లీ కొంటూనే ఉండేవారు. ఆ కాసేపు కూడా ఎక్కడ పోతుందోనన్నదే ఆవిడ భయం.

మొన్న జర్మన్లు వేషాలు కట్టి ఆడిపాడే ఫాషింగ్ పండగకు ముందు తన్వి ఫోన్ చేసింది. ఊరి బయట పెద్ద హాల్లో బాడీ పెయింటింగ్ పోటీ ఉందట. పెద్దవాళ్లకే ప్రవేశం. తను రంగులు వేయాల్సిన అమ్మాయికి జ్వరం వచ్చి మంచమెక్కిందట. నువ్వు వస్తావా అని అడిగింది. ఇల్లు విడిచి వెళ్లాక కూతురు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. ఏం చేయాలో కూడా తెలుసుకోకుండా వస్తానన్నారు ఈవిడ.

ఏం చేయాలో అక్కడికి వెళ్లాక తెలిసింది. ఒంటిమీద చిన్న లోదుస్తు, రొమ్ముల మీద అంటించిన పలుచని పట్టీలు, మిగతాదంతా రంగే. డాక్టరు ముందు కూడా పమిట సర్దుకునే మనిషి. వెళ్లిపోదామనుకున్నారు కూడా. కానీ కూతురు అప్పటికే కుంచె తడిపి ఎదురుగా నిలబడి ఉంది.

తన్వి అమ్మను కొండపల్లి బొమ్మను చేసింది. మొహానికి పసుపు, చెవులదాకా పెద్ద కళ్లు, ఒంటికి నెమలికంఠం రంగు చీర. ఒక్కొక్క కుచ్చిళ్ల మడతా నీడతో సహా దించింది. అంచు మీద మామిడిపిందెలు వేస్తుంటే కనకలతగారు గుర్తుపట్టారు. అది తన పెళ్లిచీర. చిన్నప్పుడు ఆ పిల్ల బీరువాలో దూరి దాని మీదే నిద్రపోయేది. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే రంగు కారుతుందని తన్వి జర్మన్‌లో కసిరింది.

మధ్యాహ్నానికి హాలంతా గోలగోలగా ఉంది. మీసాలున్న నర్సులు, పాలపీక మెడలో వేసుకుని బీరు తాగుతున్న ముసలాయన, బెంచీల మీద పక్కవాళ్లెవరో పట్టించుకోకుండా ముద్దులాడుకునే జంటలు. పోటీవాళ్లను ఎత్తైన పీటల మీద నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు చూసి వెళ్లేలోగా పీట దిగితే పోటీలో లేనట్టే. చేతులు ఒంటికి తగిలితే రంగు చెడుతుంది. దురద పుట్టినా గోక్కోకూడదు. కనకలతగారు బొమ్మలాగే నిలబడ్డారు. దానికి ఆవిడకు కొత్తగా నేర్పేదేమీ లేదు.

అప్పుడొచ్చింది ఉదయశ్రీ. సంఘం కార్యదర్శి భార్య, తేనెటీగ వేషంలో, చేతిలో గ్లాసుతో, ఆఫీసు ఆడవాళ్లతో కలిసి. దూరంనుంచే చీరను చూసి ముచ్చటపడి ఫోటో తీసి, అక్కడికక్కడే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొహం నిండా రంగుంది, గుర్తుపట్టదులే అని కనకలతగారు తనకు తాను చెప్పుకున్నారు.

నిజమే, గుర్తుపట్టలేదు. కానీ తెలుగు ఆడది మంచి చీర కనబడితే చూసి ఊరుకోదు కదా. దగ్గరికొచ్చి, నేత ఎలాంటిదో చూద్దామని భుజం మీది పమిట అంచును రెండు వేళ్లతో పట్టుకుంది. వేళ్ల మధ్యకు గుడ్డ రాలేదు, కండ వచ్చింది.

“అబ్బా” అన్నారు కనకలతగారు.

ఎన్నేళ్లు జర్మనీలో ఉన్నా నొప్పి వస్తే నోటికొచ్చేది అదే. ఉదయశ్రీ నీలంగా మారిన తన వేళ్లవంక చూసుకుంది, ఆ పెద్ద కళ్లలోకి చూసింది. గ్లాసు పక్కన పెట్టేసింది.

“వదినగారూ, మీరా? అన్నయ్యగారికి తెలుసా?”

“తెలీదు.”

“అయ్యో, ఫోటో గ్రూపులో పెట్టేశానండీ. తీసేస్తానుండండి.” ఫోన్ చూసి ఉదయశ్రీ మొహం పాలిపోయింది. “అన్నయ్యగారు అప్పుడే చూసేశారు. మన సంస్కృతికి గర్వకారణం అని రాశారు.”

ఈలోగా తన్వి పరుగెత్తుకొచ్చింది. భుజం మీద అంచు చెదిరిపోయింది. తల్లి మొహం చూడగానే ఆ పిల్లకు సంగతంతా అర్థమైంది. దిగిపో అమ్మా, పోటీ వద్దు ఏమీ వద్దు అంది. దిగి బట్టలు కట్టుకుని పారిపోవాలని కనకలతగారికి ప్రాణం కొట్టుకుపోతోంది. హాల్లో ఉన్న ప్రతి కన్నూ తన చర్మం మీదే ఉన్నట్టుంది.

“దిగనే. ఆ మామిడిపిందె సరిగ్గా దిద్దు” అన్నారు.

తన్వికి రెండో బహుమతి వచ్చింది. ఆ సాయంత్రం కనకలతగారు ఇంటికెళ్లి, ఇంకెవరో చెప్పేలోగా తనే భర్తతో చెప్పేశారు. చెవుల వెనక ఇంకా నీలం రంగు ఉంది. భాస్కరమూర్తిగారు తిట్టలేదు. ఫోన్ తీసి తను రాసిన మాట తనే చాలాసేపు చూసుకున్నారు. దాని కింద అప్పటికే సంఘమంతా చప్పట్లు కొట్టేసింది. ఇప్పుడు ఆ ఫోటో గ్రూపులోంచి తీసేస్తే ఎందుకు తీశారంటారు, ఉంచితే ఎవరో ఒకరు పోల్చుకుంటారు. ఆలోచించి, ఈ గొడవ మరుపున పడేదాకా నువ్వు ఎవరికంటా పడకూడదు అన్నారు. నడుము పట్టేసిందనీ, డాక్టరు కదలొద్దన్నాడనీ మర్నాడే అందరికీ చెప్పేశారు.

చెప్పాక నిజం చేయాలి కదా. సంఘంవాళ్లు పులుసులూ పచ్చళ్లూ పట్టుకుని పలకరింపుకు రావడం మొదలుపెట్టారు. కనకలతగారు దుప్పటి కప్పుకుని పడుకోక తప్పలేదు. ఉదయశ్రీ కూడా వచ్చి, తలదించుకుని చారు గిన్నె పెట్టి వెళ్లింది. ఆవిడ ఫోన్ ఆయన దగ్గరే ఉంది. బేకరీ లేదు, కరివేపాకు లేదు. రోజంతా మంచం మీద పడుకునేసరికి నిజంగానే ఒళ్లంతా నొప్పులు పుట్టాయి. ఆ పీట మీదే నయమనిపించింది ఆవిడకు. అక్కడ కనీసం కూతురు ఎదురుగా ఉంది.

తన్వి ఫోన్ చేస్తే భాస్కరమూర్తిగారే తీశారు. మళ్లీ చేయకుండా ఉండాలని కాస్త గట్టిగానే తగిలించారు. నీ పోటీ కోసం అంతసేపు నిలబడి మీ అమ్మ నడుము పోగొట్టుకుంది, లేవలేకపోతోంది, ఇక మమ్మల్ని వదిలెయ్ అన్నారు.

ఆ మర్నాడే తలుపు గంట మోగింది. తన్వి, చేతిలో పెద్ద సంచీ. తండ్రి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. తల్లికి బాగానే ఉందని ఒక్క మాటంటే ఆ పిల్ల వెనక్కి వెళ్లిపోయేది. కానీ అదే గుమ్మంలో ఎదురింటి జర్మన్ ఆవిడ నడుముకు మంచిదని వేడినీళ్ల సంచీ ఇస్తూ నిలబడి ఉంది. భాస్కరమూర్తిగారు పక్కకు జరిగారు.

తన్వి తిన్నగా గదిలోకొచ్చి మంచం అంచున కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నా వల్లే, నా వల్లే అంటోంది. నాకేం కాలేదే పిచ్చిదానా అన్న మాట కనకలతగారి నాలుక చివరిదాకా వచ్చింది.

“ఎన్నాళ్లుంటావే?” అని అడిగారు.

“నువ్వు లేచి నడిచేదాకా.”

కనకలతగారు కూతురి వైపు ఒత్తిగిలబోయి, సగంలో ఆగి, నడుము పట్టుకుని మూలిగారు.