బర్రె మేసిన గునుగుపూలు

నిన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో ఉత్తరాన మంచుదేశాలవాళ్ళు అడవిపూలను పానకాల్లోనూ రొట్టెల్లోనూ వాడుకుంటారనీ, కొన్ని పూలను మాత్రం ఇంట్లోకి తేవడానికే జంకుతారనీ ఒక వ్యాసం కనిపించింది. నలభై ఏళ్ళు పేపరాఫీసులో ఇతరుల రాతలు దిద్దిన అలవాటుకొద్దీ తప్పుల కోసం చదవబోయి, సగంలోనే సిద్దిపేటలో మా చిన్నప్పటి వాకిట్లోకి వెళ్ళిపోయాను. మనకు మాత్రం గునుగు లేదూ?

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, వానాకాలం మొదట్లో చేలల్లో మొలిచే లేత గునుగాకును పప్పులో వేసుకునేవాళ్ళం. వెన్ను తీసి తెల్లగా పూసిందా, ఇక అది బతుకమ్మది. పూసిన గునుగు ఆకు తిన్న ఆడదానికి పుట్టిల్లు దూరమవుతుందని మా నాయనమ్మ పుట్టిన మద్దూరు వైపు గట్టి నమ్మకం.

పందొమ్మిది వందల నలభైల్లో ఒక ఏడు, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా చిన్నమ్మ బాబాయిని పెళ్ళాడి కొత్తగా కాపురానికి వచ్చింది. తొలి బతుకమ్మకు పుట్టింటికి పోవాలి గానీ ఆమెకు తల్లీ తండ్రీ లేరు. బజారులో దుకాణం నడిపే మేనమామ ఇంట్లో పెరిగింది, ఆకుకూరను గంపలో చూసిందే తప్ప చేలో చూడలేదు, బతుకమ్మలో గునుగునూ రంగులద్దాకే చూసింది. పండుగ పూట అందరికంటే ముందు లేచి, అత్తగారిని మెప్పించాలని, పెరట్లో నీళ్ళు చల్లి ఉంచిన గునుగు మోపు విప్పి, ఆకంతా దూసి పప్పులో వేసి, పనికిరావనుకున్న పూలను బర్రెకు వేసింది.

అన్నాల దగ్గర, మొదటి ముద్దకే నాయనమ్మ ఆగి పెరటివైపు చూసింది. జరిగిందేమిటో, దానికున్న నమ్మకమేమిటో మా అమ్మ చెప్పగానే చిన్నమ్మ పప్పుగిన్నె వెనక్కి తీసుకోబోయింది. తల్లిదండ్రులు లేని పిల్లని ముందే గుసగుసలాడే వాడకట్టు ఈ మాట పట్టుకుంటే ఆమె ఇక తలెత్తుకోలేదు.

"ఇంకింత వెయ్యి బిడ్డా," అన్నది నాయనమ్మ నింపాదిగా. "మనిద్దరం పుట్టిల్లు లేనోళ్ళమే, దూరమయ్యేదేమున్నది?"

ఆ సాయంత్రం మా బతుకమ్మ ఒట్టి తంగేడుతో వాకిట్లోకి వచ్చింది. పక్కింటావిడ ఊరుకుంటుందా?

"ఏందక్కా, గునుగేది? కోడలేం చేసింది?"

"నేనే బర్రెకేసిన. కండ్లు కనవడుతలేవు," అన్నది నాయనమ్మ.

"మొన్న నా తలల పేను చూసిన కండ్లేనా?"

"గవే. నీ తల చూసినంకనే పోయినయి."

ఆడవాళ్ళంతా నవ్వారు. చిన్నమ్మ కూడా, మా ఇంటికొచ్చాక మొదటిసారి, పైకి వినబడేలా నవ్వి వాళ్ళతో చప్పట్లు కలిపింది.

చాలా ఏళ్ళకు నాయనమ్మ పోయి, ఏడాది సూతకం తీరాక వచ్చిన బతుకమ్మను చిన్నమ్మ ఒట్టి తంగేడుతోనే పేర్చింది. అడిగినవాళ్ళకు గునుగును బర్రె మేసిందని చెప్పింది. అప్పటికి మా ఇంట్లో బర్రె లేదు.

ఇప్పుడు చేలల్లో కలుపుమందు కొడుతున్నారు, గునుగు మొలిచేదే తక్కువ. పండుగ ముందు బజారులో రంగులద్దిన కట్టలు దొరుకుతాయి, నేనూ తెచ్చుకుంటాను. ఆకులన్నీ ముందే దూసేసి ఉంటాయి. పొరబడి వండుదామన్నా వీల్లేదు.